మా ఇంటి గూగుల్ నేనే

మా ఇంటి ఫొటోలు ఎక్కడున్నాయంటే వేలు పెట్టి చూపించగలను. హాల్లో టీవీ స్టాండు కింది అరలో, రౌటర్ పక్కన, జానెడు నల్లపెట్టెలో. ఏదో కంపెనీ వాడి వదిలించుకున్న మినీ పీసీ అది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయి కొన్నాను. "సర్వరా? ఇంట్లకా? ఎందుకన్నా నీకు?" అని షాపతను జాలిపడ్డాడు గానీ, బేరం దగ్గర ఆ జాలేమీ కనపడలేదు.

దాంట్లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఫొటోలకు ఇమ్మిచ్, ఫైళ్లకూ క్యాలెండర్‌కూ నెక్స్ట్‌క్లౌడ్, సినిమాలకు జెల్లీఫిన్, పాస్‌వర్డులకు వాల్ట్‌వార్డెన్, యాడ్స్‌ని అడ్డుకోవడానికి పై-హోల్. అన్నిటి సోర్స్‌కోడూ బహిరంగమే. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే అదే. మన డేటా మన ఇంట్లో ఉండాలి అనే వాదన మీరు వినే ఉంటారు. నేనూ ఆ పక్షమే. కాకపోతే ఆ వాదన చేసేవాళ్లు ఒక ప్రశ్న దగ్గరకు రాగానే మాట మార్చేస్తారు. గూగుల్ చేతిలోంచి తాళాలు తీసుకున్నాం, సరే. అవి ఎవరి చేతికొచ్చాయి?

ముందు నేను ఆ పక్షం ఎందుకో చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయన కొడుక్కి మర్మాంగం దగ్గర వాపు వచ్చింది. కోవిడ్ రోజులు, డాక్టరు వీడియోలోనే చూస్తానన్నాడు, ముందు ఫొటో పంపమన్నారు. ఫోనుతో తీశారు. ఫొటో దానంతటదే గూగుల్‌కి ఎక్కింది. అక్కడి సాఫ్ట్‌వేర్ దాన్ని పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రంగా లెక్కేసింది. అకౌంటు మూసేశారు. దాంతో మెయిళ్లు, కాంటాక్టులు, కొడుకు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు, ఆఖరికి ఫోన్ నంబరు కూడా పోయాయి, అదీ గూగుల్ సర్వీసే కాబట్టి. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చారు. గూగుల్ మాత్రం అకౌంటు తిరిగి ఇవ్వలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది ఈ సంగతి.

అలాంటి ఫొటోల్ని వెతికి పట్టుకోవద్దని నేననను. పట్టుకోవాల్సిందే. నన్ను భయపెట్టింది తర్వాత జరిగింది. పోలీసుల మాటే చెల్లని చోట మీ మాట వినేదెవరు? ఏ ఆఫీసు మెట్లెక్కుతారు? ఎవరి కాళ్లు పట్టుకుంటారు?

డేటా మన దేశంలోనే ఉంటే చాలనేవాళ్లున్నారు. ఉందిగా! అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ పేరుతోనే ఒక రీజియన్, అంటే తన క్లౌడ్ డేటా సెంటర్ల గుంపు, తెరిచింది. దాని డేటా సెంటర్లలో ఒకటి రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలం చందనవెల్లిలో ఉంది. కారేసుకుని పోవచ్చు, గేటు దాకా. దూరం తగ్గినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు.

పోనీ, పెట్టె మన ఇంట్లోనే ఉంటే? అదీ చాలదు. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే డిస్కు ఉండేది. నెట్‌కు తగిలించి ఇంట్లోనే పెట్టుకునేది. 2015 తర్వాత దానికి అప్‌డేట్లు ఆపేశారు. 2021 జూన్‌లో ప్రపంచం నలుమూలలా జనం పొద్దున లేచి చూసుకుంటే డిస్కులు ఖాళీ. ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. ఆరా తీస్తే, రీసెట్‌కు ముందు పాస్‌వర్డ్ అడగాల్సిన లైన్లు కోడులో ఉన్నాయి, కానీ అవి పనిచేయకుండా కామెంట్‌లో పెట్టి వదిలేశారు. కొన్నవాడికి ఆ కోడు చూసే హక్కు లేదు, సరిచేసుకునే వీలూ లేదు. పెట్టె మనదే, దాని లోపల నడిచేది మాత్రం వాళ్లది.

ఇంట్లో సర్వర్ అన్నప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని నేను పట్టుబట్టేది అందుకే. దాంట్లో తప్పులుండవని కాదు, బోలెడుంటాయి. కానీ డెబియన్ 1993 నుంచి ఒక కంపెనీ దయ మీద కాకుండా నడుస్తోంది. ఒక ప్రాజెక్టు దారి తప్పితే అదే కోడు తీసుకుని వేరే దారి పట్టొచ్చు. ఓన్‌క్లౌడ్‌లోంచి 2016లో నెక్స్ట్‌క్లౌడ్ అలాగే వచ్చింది. ఎంబీ అనే సినిమాల సాఫ్ట్‌వేర్ తన కోడు బయటికివ్వకుండా తలుపులు మూసేసుకుంటే 2018 చివర్లో జెల్లీఫిన్ పుట్టింది.

హైదరాబాదులో దీని కష్టాలు దీనికున్నాయి, గబగబా చెప్పేస్తా. కరెంటు పెద్ద ఖర్చేమీ కాదు. పది వాట్ల లెక్కన నెలకు ఏడు యూనిట్ల చిల్లర. గృహజ్యోతి కింద 200 యూనిట్ల గీత మీద నడుస్తున్న ఇల్లయితే మాత్రం ఆ ఏడు యూనిట్లే జీరో బిల్లు పోగొట్టొచ్చు, చూసుకోండి. అసలు తలనొప్పి నెట్‌తో. మీ రౌటర్ పేజీలో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు మొదలైందంటే, మీకు సొంత అడ్రసు లేనట్టే. ఒకే అడ్రసును బోలెడు ఇళ్లకు పంచుతున్నారన్నమాట. బయటినుంచి మీ సర్వర్‌ను నేరుగా చేరడం కుదరదు. నెలకింత కట్టి మారని సొంత అడ్రసు, అంటే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా అడ్రసులకు కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6 పట్టుకోవాలి, లేదా ఎక్కడో చిన్న అద్దె సర్వర్ పెట్టి, అక్కణ్నుంచి ఇంటికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొరంగం తవ్వుకోవాలి. నేను మూడోది చేశాను. అద్దె సర్వర్‌లో ఏదీ నిలవుండదు, గజిబిజి చేసిన ట్రాఫిక్ దాని మీదుగా పోతుందంతే.

మెయిల్ సర్వర్ జోలికి పోలేదు, మీరూ పోకండి. ఇళ్ల కనెక్షన్ల నుంచి వచ్చిన మెయిల్‌ను పెద్ద కంపెనీలు గడప కూడా తొక్కనివ్వవు. వాట్సాప్‌కు బదులుగా కూడా ఏమీ పెట్టలేదు. మా బాబాయిని గ్రూపులోంచి ఇంకెక్కడికో రమ్మనడం నావల్ల కాదు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి జనం చనిపోయారు గుర్తుందా? ఆ తర్వాత ఊరంతా స్తంభాల మీది కేబుళ్లు తెగ్గొట్టుకుంటూ పోయారు. మా వీధిలోనూ నెట్ పోయింది. ఇంట్లో వైఫై మాత్రం వైఫైలాగే ఉంది. నాన్న టీవీలో ఎప్పటిలాగే పాత సినిమా పెట్టుకున్నాడు. నెట్ పోయిన సంగతి సాయంత్రం వాట్సాప్ రాకపోతేగాని ఆయనకు తెలియలేదు.

ఇక అసలు సంగతి.

నిజాంపేటలో ఉండే ఒక ఫ్రెండ్, మా ఇంట్లో ఫోన్లలో యాడ్స్ రాకపోవడం చూసి, వాళ్లింట్లోనూ పై-హోల్ పెట్టమన్నాడు. ఇంట్లో ఏ ఫోను ఏ సైటు పేరు అడిగినా ఆ ప్రశ్న ముందు పై-హోల్ దగ్గరకొస్తుంది. యాడ్స్ పంపే సైటయితే లేదని చెప్పేస్తుంది, కాకపోతే దారి చూపిస్తుంది. పెట్టి, డ్యాష్‌బోర్డు తెరిచి చూపించాను. గ్రాఫు కదులుతోంది, కింద ఒక్కో లైనే వచ్చి పడుతోంది. టైము, ఫోను పేరు, సైటు పేరు. అతను కాసేపు చూశాడు. యాడ్స్ సంగతి మర్చిపోయాడు.

"అన్నా, గిదాంట్ల మా పాప ఏం చూస్తుందో కూడా కనవడ్తదా?"

"కనపడుతుంది. అందుకే కనపడకుండా పెట్టి పోతా."

"నేను తండ్రిని గదన్నా!"

ఆ పిల్లకు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. అతను చెడ్డ తండ్రేమీ కాదు. ఆ తెర ముందు కూర్చుంటే ఎవరికైనా పుట్టే ప్రశ్నే అది. సైటు పేరే కదా, పేజీ కనపడదు కదా అంటారేమో. ఒక రాత్రి లాగ్, అంటే ఆ లైన్ల చిట్టా, ఎలా ఉంటుందో ఊహించుకోండి. వదిన ఫోన్లోంచి ఒక సంతాన సాఫల్య కేంద్రం సైటు. ఒంటిగంటకు తమ్ముడి ల్యాప్‌టాప్‌లోంచి వేరే ఊళ్లో ఉద్యోగాల సైటు. తెల్లవారుజామున నాన్న ఫోన్లోంచి అప్పులిచ్చే యాప్. పేజీలు చదవక్కర్లేదు. ఇంటి రహస్యాలన్నీ వరసలో ఉన్నాయి, టైముతో సహా. గూగుల్ ఇవన్నీ ఎక్కించుకుని ఒక యాడ్ చూపిస్తుంది. ఇంట్లో వాళ్లయితే భోజనాల దగ్గర అడుగుతారు.

మన ఇళ్లలో గదికి గడియ పెట్టుకుంటేనే "లోపలేం చేస్తున్నావ్?" అని కేక వినపడుతుంది. అలాంటి ఇంట్లోకి సర్వర్ తెచ్చి పెట్టి, అన్ని ఫోన్లనూ దాని గుండా పోనిచ్చి, ప్రైవసీ పెంచానని చెప్పుకుంటే ఎలా? పెరిగింది నా ప్రైవసీ. మిగతావాళ్లకు, ఎక్కడో ఉన్న కంపెనీ పోయి పక్కగదిలో మనిషి వచ్చాడు. అదీ అందరి ఫ్లాట్ల తాళాలూ తన దగ్గరే పెట్టుకున్న వాచ్‌మన్‌లాగా.

ఈ పని చేసేది ఎక్కువగా మగవాళ్లం, ఇంట్లో పెద్ద కొడుకులం, అల్లుళ్లం. మీటప్పుల్లో చూస్తుంటాను. ఎన్ని టెరాబైట్లు, ఏ ప్రాసెసరు అని గంటలు మాట్లాడుకుంటాం. మీ ఆవిడ ఫొటోలు నువ్వు చూడగలవా అని ఎవరూ ఎవర్నీ అడగరు.

చూడగలను. ఇమ్మిచ్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయితే ఇతరుల ఫొటోలు కనపడవు, ఎవరివి ఎన్ని ఫొటోలు, ఎన్ని జీబీలన్నది మాత్రమే కనపడుతుంది. కానీ సర్వర్‌కు రూట్, అంటే దేన్నైనా తెరవగలిగే యజమాని, నేనే. డిస్కులో ఫోల్డరు తెరిస్తే అన్నీ మామూలు ఫైళ్లే. నెక్స్ట్‌క్లౌడ్‌లో సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టినా, అంటే ఫైళ్లను తాళం లేనిదే చదవలేని ముద్దగా మార్చినా, సర్వర్ నడిపేవాడి నుంచి అది కాపాడదు. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో ఈ క్షణం ఎవరు ఏ సినిమా చూస్తున్నారో నేను అడక్కుండానే కనపడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు బయటి దొంగ గురించి చాలా ఆలోచించారు. ఇంట్లో అడ్మిన్ గురించి ఆలోచించినవాళ్లు తక్కువ.

చట్టం కూడా ఇక్కడికి రాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత అవసరానికో ఇంటి అవసరానికో డేటా వాడుకుంటే తనకు సంబంధం లేదని సెక్షన్ 3లోనే చెప్పేసింది. అది సబబే. పెళ్లి ఆల్బం పెట్టుకున్న ప్రతివాడూ నోటీసులిస్తూ కూర్చోలేడు. కానీ దాని అర్థం, చందనవెల్లిలో నడిచే కంపెనీలకు పెట్టిన షరతులేవీ నాకు లేవని. సమ్మతి అడగాలి, అడిగితే తుడిపెయ్యాలి అనే నియమాలు నన్ను కట్టెయ్యవు.

ఇంటి గోడల లోపల ప్రైవసీ ఏమిటి అనేవాళ్లకు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు గుర్తుచేస్తాను. తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పిన తీర్పు. నలుగురి తరఫున జస్టిస్ చంద్రచూడ్ రాసిన భాగంలో, ప్రైవసీ మనిషిని అంటిపెట్టుకుని ఉంటుందని ఉంది. మనిషిని, ఇంటిని కాదు. ఇంటి ప్రైవసీ పేరుతో ఆడవాళ్ల మీద పెత్తనాన్ని కప్పిపుచ్చకూడదన్న మాట కూడా అందులోనే ఉంది.

కాబట్టి నా హోదా నేనే కోసుకున్నాను. పై-హోల్‌లో ప్రైవసీ స్థాయిలు సున్నా నుంచి మూడు దాకా ఉంటాయి. సున్నాలో అంతా కనపడుతుంది, మూడులో ఎవరు ఏం అడిగారో పేర్లు లేకుండా లెక్కలు మాత్రమే. మాది మూడు. నిజాంపేటలోనూ మూడే పెట్టాను. ఏ సైట్లను అడ్డుకోవాలన్న జాబితా అతనూ కూతురూ కలిసి కూర్చుని రాసుకున్నారు. అడ్డుకోవడం వేరు, చాటుగా చూడటం వేరు. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదటిది అవసరమే. రెండోది ఏ వయసు పిల్లల మీదైనా వాళ్లకు తెలియకుండా చెయ్యకూడదని నా అభిప్రాయం. అతను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉంది, రేపు సున్నాకు మార్చుకుంటే నేను ఆపలేను.

పాస్‌వర్డుల విషయంలో మాత్రం నిశ్చింత. వాల్ట్‌వార్డెన్‌లో తాళం పడేది ఫోన్లోనే. సర్వర్‌కు చేరేది అర్థంకాని ముద్ద. అమ్మ మాస్టర్ పాస్‌వర్డు మర్చిపోతే నేనూ తెరవలేను. ఆ సంగతి ముందే చెప్పి, కాగితం మీద రాసుకుని తన బీరువాలో పెట్టుకోమన్నాను. ఎక్కడ పెట్టిందో అడగలేదు. సర్వర్ డిస్కులకూ ఎన్‌క్రిప్షన్ ఉంది. పెట్టెను దొంగ ఎత్తుకుపోయినా లోపలేమీ దొరకదు. దానికి చెల్లించే మూల్యం ఏంటంటే, యూపీఎస్ తట్టుకోలేనంతసేపు కరెంటు పోయిందంటే, మళ్లీ వచ్చాక ఎవరో ఒకరు డిస్కులు తెరిచే పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. నేను మాదాపూర్‌లో మీటింగులో ఉంటే సాయంత్రం దాకా ఎవరికీ ఫొటోలు లేవు. ఆ పాస్‌ఫ్రేజ్ ఇప్పుడు మా చెల్లికీ తెలుసు. అంటే నేను ఏం చేశానో చూడగలిగే ఇంకో మనిషి ఇంట్లో ఉందన్నమాట. తను పట్టించుకోదు, అది వేరే సంగతి.

ఇంత చేసినా మా ఆవిడ ఫొటోలు గూగుల్‌లోనే ఉన్నాయి. ఇమ్మిచ్‌లో తనకు అకౌంటు చేసిచ్చాను, మొహాలు గుర్తుపట్టడం కూడా మన పెట్టెలోనే జరుగుతుంది, బయటికి పోదు అని చెప్పాను. అంతా విని, "గూగులోళ్లకు నా ఫొటోలు చూసే తీరిక లేదు, నీకుంది" అంది.

దీనికి జవాబు వెతికాను. చూడను అని మాటివ్వడం జవాబు కాదు. గూగుల్ కూడా మాటిస్తుంది. చూడలేను అన్నదే జవాబు, ఇమ్మిచ్‌తో ఆ మాట అనలేను. ఫోన్లోనే తాళం వేసి పంపే ఫొటో సర్వీసు ఎంటే ఉంది. 2024లో వాళ్లు సర్వర్ కోడు కూడా బయటపెట్టారు కాబట్టి ఇంట్లోనే నడుపుకోవచ్చు. అది పెడతానన్నాను. చూద్దాం అంది. శాన్‌ఫ్రాన్సిస్కో తండ్రి కథ తనకూ తెలుసు. తెలిసే ఆ మాటంది. దూరాన ఉన్న కంపెనీ ఎప్పుడో తలుపు మూసెయ్యొచ్చునన్న భయం ఒకటి, రోజూ కలిసి బతికే మనిషి చేతిలో తాళం ఉందన్న ఇబ్బంది ఒకటి. రెండింట్లో ఏది పెద్దదో నేను చెప్పేది కాదు.

2010 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఎబెన్ మోగ్లెన్ అనే లా ప్రొఫెసర్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ప్రతి మనిషికీ గోడకు తగిలించుకునే చిన్న సర్వర్ ఉండాలి, మన లాగ్‌లు ఇంట్లో ఉంటే ప్రభుత్వానికి అవి కావాలన్నా వారెంటుతో మన గుమ్మం దాకా రావాలి అన్నాడు. ఫ్రీడంబాక్స్ అనే ఇంటి సర్వర్ ప్రాజెక్టు అందులోంచే పుట్టింది. దానికి కోడు రాసినవాళ్లలో మన హైదరాబాదీలూ ఉన్నారు. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ ఊరు కూడా ఇదే. ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తలు 2024 నుంచి చదువుతున్న మనకు మోగ్లెన్ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఊహలో ఒక మనిషికి ఒక పెట్టె. మా ఇంట్లో ఒక పెట్టెకు ఆరుగురం. వారెంటు అడిగేవాడికి గుమ్మం అడ్డం, లోపల కూర్చున్న నాకు అదీ లేదు.

ఇంకొకటి మిగిలింది, బయటికి పోయే దారి. ఉమ్మడి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వేరు కాపురం పెడతారు. మంచంతో, బీరువాతో పోయినట్టే డేటాతోనూ పోగలగాలి. మన డేటా మూటగట్టుకుని పోవడానికి గూగుల్‌కే టేకవుట్ ఉన్నప్పుడు నా దగ్గర అలాంటిది లేకపోతే ఎలా? అందుకే అందరి ఫొటోలూ సంవత్సరం, నెల వారీగా మామూలు ఫోల్డర్లలో పడేలా పెట్టాను.

పోయినేడు తమ్ముడు పెళ్లయి గచ్చిబౌలికి మారాడు. తన ఫోల్డరు పోర్టబుల్ డిస్కులో ఎక్కించుకుని పోయాడు. వాటన్నిటినీ మళ్లీ గూగుల్‌లోకే ఎక్కించాడట. ఎందుకురా అని అడగలేదు. వాడే అడిగాడు, "నీ దగ్గరున్నవి తీసేశావా అన్నా?" అని. పక్కన కూర్చోబెట్టుకుని వాడి ముందే తీసేశాను. వరంగల్‌లో అక్క వాళ్లింట్లో ఉన్న బ్యాకప్ డిస్కులో పాత కాపీలుంటాయి, ఆరు నెలలకు వాటంతటవే పోతాయి అన్నాను.

"ఆర్నెల్లెందుకు?"

బ్యాకప్‌కు రెస్టిక్ వాడతాను. పాత బ్యాకప్‌లను తిరగరాసి ఒక్క ఫోల్డరు మాత్రం పీకెయ్యడం దాంట్లో కుదురుతుంది, కాకపోతే గంటల పని. ఆ ఆదివారం అక్కకు ఫోన్ చేసి డిస్కు ఆన్ చేయించాను.